నీళ్లు తాగని కండక్టరు

బస్సులో కండక్టరుగా చేసే ఆడది నీళ్లు తాగదు. ఈ సంగతి శిక్షణలో ఎవరూ చెప్పరు గానీ, ఉద్యోగంలో చేరిన వారంలోనే ఒంటికి దానంతటదే తెలిసిపోతుంది. కోదాడలో బండి ఎక్కేముందు ఒకసారి, మిర్యాలగూడలో దిగాక ఒకసారి, అంతే. మధ్యలో హుజూర్‌నగర్ బస్టాండులో ఆగుతాం నిజమే. కానీ అక్కడ దిగి, ఆ మూలనున్న గది దాకా పోయి, వరసలో నిలబడి తిరిగొచ్చేదాకా డ్రైవరన్న హారన్ మీంచి చెయ్యి తియ్యడు. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం అయ్యాక బస్సులో కాలు పెట్టే సందు కూడా లేదు. టికెట్ మిషను పట్టుకుని ముందు డోరు నుంచి వెనక డోరుకు చేరడమే ఒక యాత్ర. అందుకని పొద్దున సంచిలో నీళ్ల సీసా పెట్టుకునేదాన్ని, సాయంత్రం దాన్ని అలాగే నిండుగా ఇంటికి తెచ్చుకునేదాన్ని. ఆ సీసా ఏళ్ల తరబడి నాతో ఊరికే ఊళ్లు తిరిగింది.

నలభై దాటాక నెలసరికి ఒక పద్ధతీ పాడూ లేకుండా పోయింది. గర్భసంచిలో గడ్డలన్నారు. మాత్రలు మింగీ మింగీ విసుగొచ్చి గర్భసంచి తీసేసే ఆపరేషన్ చేయించుకున్నాను. నా పిల్లలిద్దరూ సిజేరియన్ కాన్పులే. ఆ పాత మచ్చల దగ్గర మూత్రసంచి గర్భసంచికి అతుక్కుపోయి ఉందట. రెంటినీ విడదీసేటప్పుడు మూత్రసంచికి ఎక్కడో చిన్న దెబ్బ తగిలింది. ఆ రోజు అది ఎవరి కంటా పడలేదు. ఇంటికొచ్చిన కొద్ది రోజులకు, ఒక పొద్దున మంచం మీంచి లేస్తుంటే కాళ్ల వెంట వెచ్చగా కారింది.

దగ్గినప్పుడు పడే చుక్కలు కావవి. కూర్చున్నా, నిలబడ్డా, నిద్రపోతున్నా దాని పని అది చేసుకుపోతూనే ఉంది. ఇంకో వింత తర్వాత తెలిసింది. నాకు ఒకటికి రావడమే ఆగిపోయింది. వస్తోందన్న కబురే లేదు. లోపల నిలిస్తే కదా కబురు పంపడానికి. ఇన్నేళ్లూ ఆ కబురును తిట్టుకుంటూ బతికినదాన్ని, అది రాకపోతే ఇంత భయం వేస్తుందని అనుకోలేదు.

ఆపరేషన్ చేసిన డాక్టరు తప్పించుకోలేదు, అది చెప్పాలి. లోపలికి పైపు వేసి, చిన్న రంధ్రమైతే కొన్నిసార్లు దానంతటదే మూసుకుంటుంది, చూద్దాం అన్నాడు. చూశాం. మూసుకోలేదు. అప్పుడాయనే సూర్యాపేటలో ఇలాంటివి బాగుచేసే డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడి, మమ్మల్ని పంపించాడు.

కోదాడ నుంచి సూర్యాపేటకు నేనూ మా ఆయనా బస్సులోనే పోయాం. నేను కూర్చునే సీటు కాదు, వెనక చివరి సీటు వెతుక్కున్నాను. కిటికీ తెరిచాను. అయినా మునగాల దాటాక ముందు సీట్లో ఒకావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నా వైపు చూడలేదు పాపం. చూడకపోవడమే నన్ను ఎక్కువ ఏడిపించింది. దిగేటప్పుడు వెనక్కి తిరిగి సీటు చూసుకున్నాను. అప్పటికి అది నాకు అలవాటైపోయింది. పెళ్లిలో, బ్యాంకులో, మా ఇంటి అరుగు మీద, ఎక్కడ కూర్చుని లేచినా ముందు వెనక్కి తిరిగి చూడటం, ఆ తర్వాతే అడుగు వేయడం.

డాక్టరమ్మ నాకంటే చిన్నది. నిదానంగా మాట్లాడే మనిషి. పైపు గుండా మూత్రసంచిలోకి నీలం రంగు నీళ్లు ఎక్కించి, లోపల తెల్లటి గాజుగుడ్డ పెట్టి, కాసేపయ్యాక బయటికి తీసి నాకు చూపించింది. గుడ్డ నీలంగా ఉంది.

“దీన్ని ఫిస్టులా అంటారు. మూత్రసంచికీ యోనికీ మధ్య దారి పడింది. రంధ్రం పెద్దది కాదు. సరిచేయొచ్చు.”

ఫిస్టులా అంటే మొలలవాళ్లకు వచ్చే జబ్బు అనుకునేదాన్ని. సరే, పేరేదైతేనేం, సరిచేయొచ్చు అంది కదా. నేను బట్టలు సర్దుకునే వచ్చానని, ఇప్పుడే చేసెయ్యమని చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

“ఇప్పుడక్కడ అంతా పచ్చిపుండు. ఇప్పుడు కుడితే తడిసిన కాగితాన్ని కుట్టినట్టే, దారం కోసుకుపోతుంది. వాపు తగ్గి కండ మెత్తబడాలి. రెండు మూడు నెలలు ఆగుదాం. ఈలోపు మీ రక్తం కూడా పెరగాలి. మొదటిసారి చేసేదే అన్నిటికంటే మంచి అవకాశం. అది చెడితే రెండోసారి ఇంకా కష్టమవుతుంది.”

నాకు కోపం నెత్తికెక్కింది. “కారేది నాకు మేడం, మీకు కాదు” అన్నాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని “జర ఆగు” అన్నాడు. డాక్టరమ్మకు మాత్రం కోపం రాలేదు. “కారేది మీకే. అందుకే ఒక్కసారిలో అయిపోవాలంటున్నా” అంది. సర్దుకొచ్చిన బట్టల సంచి మళ్లీ భుజాన వేసుకున్నాను. దారి పొడుగునా మా ఆయన మీద సణుగుతూనే వచ్చాను. ఎవరో ఒకరి మీద సణగాలి కదా.

ఆ నెలలు ఎలా గడిచాయంటే, గడిచాయి. మా ఆయన హుజూర్‌నగర్ దగ్గర కాలువ కింద వరి చేస్తాడు. పెద్దవాళ్లకు వాడే డైపర్లు కోదాడ మెడికల్ షాపులో కొంటే తెలిసినవాళ్లు అడుగుతారని, పొలం పోయినప్పుడు హుజూర్‌నగర్‌లో కొనుక్కొచ్చేవాడు. అక్కడి షాపతను ఎవరికని అడిగితే ఏం చెప్పాలో తోచక, మా అమ్మకు, మంచం పట్టింది అని చెప్పాడు. ఆ మంచం పట్టిన అమ్మ మా అత్తమ్మ. నన్ను చూసుకోడానికి ఊరి నుంచి వచ్చి, పొద్దున్నే నా బట్టలు పిండి డాబా మీద ఆరేసి, వంట చేసి, మధ్యాహ్నం మా వీధి వాళ్లందరితో మాట్లాడి వచ్చే మనిషి. కొడుకు చెప్పిన మాట తెలిసి ఆమె అన్నం ముందర నుంచి లేచింది.

“నన్ను మంచంల ఏసినవారా? ఏస్తె ఏసినవ్, నయమైతున్నదని జెప్పు. రేపు నేను బజార్ల తిరిగితె ఆడు దడుసుకుంటడు.”

అంత ఏడుపులోనూ ఆ రోజు నేను నవ్వాను. నవ్వితే కారింది, అయినా నవ్వాను.

డిపోలో నాకు కూర్చునే పని ఇస్తామన్నారు. మంచివాళ్లే, మంచికే అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. గదిలో కూర్చుని కాగితాలు చూడటానికి కాదు నేను చేరింది. నాకు బస్సు కావాలి. ఎక్కేవాళ్లను ముందుకు జరగమని అరవాలి, చిల్లర లేదన్నవాడితో గొడవ పడాలి. ఈ ఆపరేషన్ నిలిస్తే నేను మళ్లీ కండక్టర్ని, నిలవకపోతే ఏదో మూల గదిలో తలుపేసుకున్న ఆడదాన్ని. నా మనసులో లెక్క అంతే.

రక్తం పెరిగింది, పుండు మానింది, డాక్టరమ్మ సరే అంది. సూర్యాపేటలో ఆపరేషన్ అయింది. కడుపు కొయ్యలేదు, కింద నుంచే చేసింది. మెలకువ వచ్చాక మంచం పక్కకు వచ్చి, నాతోనూ అత్తమ్మతోనూ ఒకే మాట చెప్పింది.

“నా పని అయిపోయింది. ఇక మిగిలింది ఈ పైపు పని. పైపు ఆగకుండా పారాలి, మూత్రసంచి ఖాళీగా ఉండాలి. నిండి ఉబ్బితే కుట్లు లాగుతాయి. అందుకని నీళ్లు బాగా తాగాలి. మూత్రం పట్టే ఈ బ్యాగులోకి వచ్చేది మంచినీళ్లలా కనబడాలి.”

అత్తమ్మ భక్తిగా తలూపింది. డాక్టరమ్మ తలుపు దాటగానే కొంగు సర్దుకుని, నా వైపు వంగి చెప్పింది.

“ఆమె సదువుకున్న పిల్ల, ఆమెకు బాలింతల సంగతి తెల్వది. కుట్టు మీద నీళ్లు తాగితె చీము పడ్తది బిడ్డా. ముగ్గురు ఆడపిల్లలకు నేను పథ్యం పెట్టిన. ఒక్కదానికి కుట్టు ఇడిసిందా? గుక్కెడు సాలు.”

మా వైపు ఇది ఇవాళ్టి మాట కాదు. కాన్పయినా, కోతపడినా ముందు కట్టడి నీళ్ల మీదే. కాచి చల్లార్చిన నీళ్లు గుక్కెడు, వెల్లుల్లి కారం, వేడన్నం. నా రెండు కాన్పులకూ ఆమె అలాగే పెట్టింది, నేను అలాగే తిన్నాను, కుట్లూ మానాయి. కాదనడానికి నా దగ్గర ఏముంది? పైగా నీళ్లంటే నాకే భయం. ఇన్ని నెలలుగా తాగిన ప్రతి గుక్కా కాళ్ల వెంట కారింది. అంతకు ముందేమో బస్సు. నా నోరు దాహం అనే మాటే మరిచిపోయింది.

మంచం పక్కన సిస్టరు పెట్టిన లీటరు సీసా మాత్రం గబగబా ఖాళీ అయ్యేది. ఖాళీ సీసా చూసి సిస్టరు నన్ను మెచ్చుకునేది. తాగింది అత్తమ్మ. పారబోయడానికి ఆమెకు మనసొప్పదు, అబద్ధం చెప్పడం చేతకాదు. అందుకని కూర్చున్న చోటే తాగేసి, సీసా నా దిండు పక్కన పెట్టేది. బ్యాగులోకి వచ్చేది టీ డికాక్షన్ రంగులో వస్తోంది.

ఒక మధ్యాహ్నం పొత్తికడుపు బిగుసుకుపోయింది. ఉబ్బి, రాయిలా అయింది. బ్యాగు వైపు చూస్తే పొద్దున ఎంత ఉందో అంతే ఉంది. సిస్టర్ని పిలవమని అత్తమ్మతో అంటూ పక్కకు ఒరిగాను. అప్పుడు తెలిసింది, కింద దుప్పటి తడిసింది.

పోయింది, కుట్టు పోయింది, బస్సు పోయింది, అంతా పోయింది అనుకున్నాను. గోడ వైపు తిరిగి ఏడ్చాను. అత్తమ్మ దుప్పటి మీద చెయ్యి పెట్టి చూసి, సిస్టర్ని కేకేస్తూ బయటికి పోయింది.

సిస్టరు పరుగున వచ్చి పైపు చూసింది. సన్న సిరంజితో మందునీళ్లు మెల్లగా ఎక్కించి వెనక్కి లాగింది. పైపులోంచి ముద్దలుగా, ఇసుకలాంటిది వచ్చింది. దాని వెనకే బ్యాగులోకి జోరుగా పారింది. కడుపు మెత్తబడింది. ఈలోగా డాక్టరమ్మ వచ్చింది. తడి చూసింది, ఆ ముద్దలు చూసింది, స్టూలు లాక్కుని కూర్చుంది.

“కుట్టు తెగిందా మేడం?” అన్నాను.

“పైపు మూసుకుపోతే పక్కల నుంచి కూడా వస్తుంది. అది కావచ్చు, కుట్టే కావచ్చు. పరీక్ష చేసేదాకా నేనూ చెప్పలేను. రోజుకు ఎన్ని నీళ్లు తాగుతున్నారు?”

నేను నోరు తెరిచేలోపు అత్తమ్మే చెప్పింది. “కుట్టుకు మంచిది కాదని దానికి గుక్కెడే పోస్తున్న. సీసల నీళ్లు నేనే తాగుతున్న.”

సిస్టరు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. డాక్టరమ్మ అరుస్తుందని నేను కళ్లు మూసుకున్నాను. ఆమె అరవలేదు. సిరంజిలోని ఆ మడ్డిని తెల్లగుడ్డ మీద వేసి, అత్తమ్మ చేతికిచ్చింది. “నీళ్లు తక్కువైతే పైపులో ఇది చేరుతుందమ్మా. ఇది అడ్డం పడితే సంచి ఉబ్బుతుంది” అంది.

అత్తమ్మ ఆ గుడ్డను కిటికీ వెలుతురులోకి తీసుకుపోయి, వేలితో నలిపి చూసింది. చాలాసేపు చూసింది.

“మా సివరి మడికి గిట్లనే అయితది” అంది చివరికి. “పైన నీళ్లు సన్నగ ఇడిస్తె పిల్లకాల్వల మట్టి ఆడనే పేరుకుంటది. జోరుగ ఇడిస్తె మట్టి కొట్టుకపోతది. గిదే గదా నువ్వు జెప్పేది?”

“అదే.”

“గీ ముక్క ముందుగాల జెప్పరాదు?”

డాక్టరమ్మ నవ్వింది. ముందే చెప్పిందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

ఆ క్షణం నుంచి నాకు వేరే కష్టం మొదలైంది. అత్తమ్మ ఏ పని చేసినా సగం చేసే మనిషి కాదు. స్టీలు చెంబు పట్టుకుని నా తల దగ్గర కూర్చుంది. నీళ్లు, సగ్గుబియ్యం జావ, పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్లు, మళ్లీ నీళ్లు. వద్దంటే వినదు. నిద్రపోతే లేపుతుంది. బ్యాగును వెలుతురుకు ఎత్తి చూసి, “ఇంక పచ్చగనే ఉన్నది, పట్టు” అంటుంది. పైపు నా కాలి కింద మడత పడితే నాకంటే ముందు ఆమెకే తెలుస్తుంది. అంతటితో ఆగలేదు. వార్డులో పక్క మంచాల మీదున్న బాలింతల దగ్గరికి కూడా పోయి, “తాగుర్రి, తాగుర్రి, కుట్టుకు ఏంగాదు, నేను జెప్తున్న” అని మొదలుపెట్టింది. వాళ్ల తల్లులూ అత్తలూ ఈమెను చూసి బిత్తరపోయారు. వార్డులో బాత్రూం ముందు వరస పెరిగిందని సిస్టరు గొణిగింది. నాకు మాత్రం ఆ పోరు తియ్యగా ఉంది. ఎన్ని నీళ్లు తాగినా దుప్పటి పొడిగానే ఉంటోంది. పొడిగా ఉన్నందుకు సంతోషపడాలా, పైపు ఉంది కాబట్టి పొడిగా ఉందా, తెలియదు. తెలియకుండానే ఆశ పెట్టుకున్నాను. ఆశ పెట్టుకోకుండా ఉండటం నాకు చేతకాలేదు.

పరీక్ష రోజు వచ్చింది. మళ్లీ అదే నీలం రంగు నీళ్లు. ఈసారి లోపల మూడు గాజుగుడ్డలు, ఒకదాని పైన ఒకటి పెట్టి, కాసేపు నడిచి రమ్మంది. నేను వరండాలో నడిచాను. అత్తమ్మ నా వెనక పైపు పట్టుకుని నడిచింది. ఆమె పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుడో నేను అడగలేదు.

మొదట తీసిన గుడ్డ, అన్నిటికంటే బయట ఉన్నది, అంచున నీలంగా ఉంది. నా ప్రాణం అక్కడే పోయింది.

“ఆగండి” అంది డాక్టరమ్మ. “ఇది బయటి అంచు. పైపు పక్క నుంచి జారినా ఇలాగే అవుతుంది. మనం చూడాల్సింది లోపలిది.”

రెండో గుడ్డ తీసింది. తెల్లగా ఉంది. మూడోది, కుట్టుకు ఆనుకుని ఉన్నది, తీసి లైటు కింద పట్టుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. నా చేతికిచ్చింది. తెల్లగుడ్డ. అంత తెల్లటి గుడ్డను నేను నా పెళ్లికి కూడా చూడలేదు.

“నిలిచిందమ్మా” అంది, నాతో కాదు, అత్తమ్మతో. అత్తమ్మ నా దగ్గరికి రాలేదు. తిన్నగా వరండాలోకి పోయి, చెంబు నింపుకుని వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను, ఆ నీళ్లు తాగాను.

పైపు తీశాక వెంటనే అంతా మామూలైపోలేదు. ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్న సంచి చిన్నదైపోయింది, కాసిన్ని నీళ్లకే తొందర పెట్టేది. కొంచెం కొంచెంగా ఆపుకోవడం అలవాటు చేసుకోమంది డాక్టరమ్మ. బరువులు ఎత్తొద్దు, మూడు నెలలు భార్యాభర్తలు దూరంగా ఉండాలి అంది. ఆ మాటకు మా ఆయన కింద నేల చూశాడు గానీ, ఆ రోజు నుంచి ముందు గదిలో చాప వేసుకున్నాడు. ఒక్క రోజు కూడా మొహం చిన్నబుచ్చుకోలేదు. ఆ మంచితనం నేను అతనికి ఎప్పుడూ నోరు తెరిచి చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను.

గడువు అయ్యాక డాక్టరమ్మ డ్యూటీకి పొమ్మంది. డిపోలో కూర్చునే పని ఇంకా ఉందన్నారు. వద్దన్నాను. కోదాడ, మిర్యాలగూడ బండే అడిగి తీసుకున్నాను.

మొదటి రోజు హుజూర్‌నగర్‌లో బస్సు ఆగగానే, ఆ పక్కనే తన ఊరికి తిరిగిపోయిన అత్తమ్మ గుంపును మోచేతులతో తోసుకుంటూ ఎక్కింది. ముందు సీట్లో ఒకావిణ్ణి జరగమని కూర్చుంది. సంచిలోంచి నీళ్ల సీసా తీసి నా వైపు చాపింది. నేను ముందు ఆమెకు ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు కొట్టి చేతిలో పెట్టాను. ఆమె దాన్ని రవికలో దోపుకుని, సీసా ఇంకా చాపే ఉంచింది.

“అత్తమ్మా, నడిబస్సులో ఏంది?”

“తాగు.”

బస్సంతా చూస్తోంది. సగం సీసా తాగాను. డ్రైవరన్న అద్దంలోంచి చూసి, “ఏందక్కా, ఎండ దెబ్బనా?” అన్నాడు. కాదన్నాను.

మిర్యాలగూడ ఇంకా చాలా దూరం ఉందనగా, వెనక డోరు దగ్గర టికెట్లు కొడుతుంటే పొత్తికడుపులో ఆ పాత కబురు వచ్చింది. ఒకటికి వస్తోంది. ఇంట్లో రోజూ వస్తున్నదే, కానీ బస్సులో, గుంతల రోడ్డు మీద, చుట్టూ ఇంతమంది మధ్య ఇదే మొదటిసారి. బస్సు ఎగిరిపడింది. నేను కడ్డీ పట్టుకుని, ఒంటిని బిగించి నిలబడ్డాను. ఆగింది. మళ్లీ ఎగిరిపడింది, మళ్లీ ఆగింది. ఇన్నేళ్లు బస్సులో నేను తిట్టుకున్న కష్టమే అది, అచ్చంగా అదే. దానికే నాకు కళ్లనీళ్లు తిరుగుతుంటే, చిల్లర అడిగిన ముసలాయన కంగారుపడి “ఉండనియ్ బిడ్డా, దిగేటప్పుడు ఇద్దువులే” అన్నాడు.

వెనకబడ్డ టికెట్లు ముగించి నా సీట్లో కూర్చున్నాను. మిర్యాలగూడ బస్టాండులో బండి ఆగింది. గబగబా లేచి, జనాన్ని తప్పించుకుని దిగి, ఆ గది వైపు నడిచాను. సగం దూరం పోయాక గుర్తొచ్చింది. లేచినప్పుడు నేను వెనక్కి తిరిగి సీటు చూసుకోలేదు.